పదకొండో పేరు

జూలై 7, సోమవారం

ఈ పుస్తకం ఇవాళ అమలాపురంలో ట్రైనింగులో ఇచ్చారు. "ఫీల్డులో చూసింది చూసినట్టు రాసుకోండి సువర్ణ మేడం" అంది సూపర్‌వైజరు మాధవీలత. నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లల వయసు ఉంటుంది. ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చేసి, పదహారేళ్ళు పాఠాలు చెప్పి, కాలేజీ మూతపడితే కాంట్రాక్టు మీద లెక్కలు రాయడానికి చేరాను. అలాంటి నాకు ఆ పిల్ల ఉపాధి అంటే ఏమిటో చెప్పింది. విన్నాను. ఏం చేస్తాను?

కొట్లు, బళ్ళు, కరెంటు. కాగితం మీద వర్తకం, రవాణా, విద్యుత్తు, నీటి సరఫరా అని పెద్ద పేరు. వీటిలో ఎంతమంది పనిచేస్తున్నారో రాష్ట్రమంతా లెక్కపెడతారట. పోయిన మూడు నెలలకన్నా పెరిగితే రాష్ట్రం బాగున్నట్టు, తగ్గితే బాగోనట్టు. "నాడి పట్టుకుని చూడటం లాంటిదండి" అంది. ముందు నాడి ఎక్కడుందో తెలియాలి కదమ్మా.

గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా పనిలో ఉన్నట్టేనట. ఒక్క గంట. ఆ మాట బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ తర్వాత కూడా ఏదో గంటసేపు చెప్పింది. నేను కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను.

మొదటి రెండు పేజీలూ ఆఫీసువాళ్ళకి. మిగతా పుస్తకం నాది.

జూలై 8

వాన. ట్యాబు తడిస్తే నా జీతంలోంచి కోస్తారట. గొడుగు దానికి పట్టి నేను తడిశాను.

జూలై 9, బుధవారం

ఓడలరేవులో నాకు తొమ్మిది చోట్లు ఇచ్చారు. కిరాణా కొట్లు, ఎరువుల కొట్టు, కొబ్బరికాయల డిపో, సబ్‌స్టేషను, ఇంకా ఏవేవో. తొమ్మిదోది రేవు దగ్గర ఆటో స్టాండు.

ఆ స్టాండులో అడుగు పెట్టనని రెండేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికి కోపం వచ్చినా సరే, ఇక్కడ రాసుకుంటాను: ఆ స్టాండు వాళ్ళే మా ఆయన్ని మంచాన పడేశారు. సెప్టెంబరు నెల, మిట్టమధ్యాహ్నం. ఈయనకి ఆటో హ్యాండిలు మీద చెయ్యి జారిపోయింది, మూతి వంకర పోయింది. వాళ్ళేం చేశారు? గ్యాస్ అనుకుని సోడా తాగించారు. స్టాండు ప్రెసిడెంటు సింహాద్రి విసనకర్ర పట్టుకుని విసిరాడట! ముప్పావుగంట! పద్నాలుగు ఆటోలు ఎదురుగా పెట్టుకుని, మనిషికి పక్షవాతం వస్తుంటే ముప్పావుగంట నీడలో కూర్చోబెట్టారు. "ఒక్క గంట ముందు తీసుకొస్తే కుడిచెయ్యి దక్కేదమ్మా" అన్నాడు డాక్టరు.

ఒక్క గంట. కింద రెండు గీతలు.

జూలై 10

సాయంత్రం ఆరింటికి గంగబాబు వచ్చాడు. రోజూ వస్తాడు. స్టాండులో డ్రైవరు, ముప్ఫై ఏళ్ళుంటాయి. "బాగున్నారాండీ మేడం గారూ" అంటాడు. నేను "ఊఁ" అంటాను. అక్కడితో మా మాటలు అయిపోతాయి. లోపలికెళ్ళి, స్టూలు లాక్కుని, తలుపు దగ్గరగా వేసి, ఈయనతో గుసగుసలు. ఈయన నవ్వుతాడు. కదలని మూతితో నవ్వితే సగం నవ్వే వస్తుంది. అయినా నవ్వుతాడు.

నాతో మాట్లాడాలంటే మాత్రం మాట ముద్దగా వస్తుందట. నీళ్ళకీ, మందుకీ, దుప్పటికీ, అన్నిటికీ తలే ఊపుతాడు. మత్తయి గారంటే ఊరంతటికీ కబుర్ల పోగు అని పేరు. నా వంతుకి ఆ తలకాయ ఒక్కటే మిగిలింది.

పోతూ పోతూ దిండు కింద గంగబాబు ఏదో పెడతాడు. నేను ముట్టను.

జూలై 11, శుక్రవారం

ఇవాళ నాలుగు చోట్లు అయ్యాయి. కొబ్బరి డిపోలో పాతికమంది కాయల మీది పీచు డొక్కు తీస్తూ కనపడ్డారు. "వాళ్ళు మా మనుషులు కారండీ. ఏ రోజుకారోజు వస్తారు. ఇద్దరు గుమాస్తాల్నీ రాసుకోండి చాలు" అన్నాడు యజమాని. సబ్‌స్టేషనులో ఇద్దరని చెప్పారు. మూడోవాడు నా కళ్ళ ఎదుటే స్తంభం మీద ఉన్నాడు. "ఆ కుర్రాడి పేరు రాయకండి మేడం, మాకు ఇబ్బంది" అన్నారు. డొక్కు తీసేవాళ్ళని వేరే గడిలో రాశాను. స్తంభం మీద వాణ్ణి ఏ గడిలో రాయాలో తెలియక మాధవీలతకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

పనిచేసేవాళ్ళు లేరంటారు. బాగుంది రాష్ట్రం నాడి.

జూలై 13, ఆదివారం

గుడి నుంచి వచ్చి బీరువా సర్దాను. చీరల కింద పాత ఫోను చేతికి తగిలింది. మళ్ళీ అక్కడే పెట్టాను.

జూలై 14, సోమవారం

వెళ్ళాను. ఉద్యోగం కదా.

"రండి రండి మేడం గారూ, కూర్చోండి. కుర్చీ తుడవండ్రా! టీ చెప్పనాండీ?" అన్నాడు సింహాద్రి. ఏమీ జరగనట్టు! తెల్ల చొక్కా, నుదుటిన బొట్టు, మర్యాద ఒలకబోస్తున్నాడు.

"టీ వద్దు. స్టాండులో ఎంతమంది పనిచేస్తున్నారు?"

"పంతొమ్మిది మందండి."

"ఆటోలు పద్నాలుగే ఉన్నాయి."

"ఆయ్. పద్నాలుగేనండి."

"పద్నాలుగు ఆటోల్లో పంతొమ్మిది మంది ఎలా పనిచేస్తారు?"

"పేర్లు పంతొమ్మిదండి" అని బోర్డు చూపించాడు. నల్లరంగు వేసిన రేకు. దాని మీద సుద్దముక్కతో పేర్లు, పక్కన ఎర్రటి బట్టల క్లిప్పు. ఆటో కదిలినప్పుడల్లా క్లిప్పు ఒక పేరు కిందికి దిగుతుంది. ఎవరి వంతో దాన్ని బట్టి తెలుస్తుంది.

పదకొండో పేరు చదివాను. మత్తయి.

ఒళ్ళు మండిపోయింది. ఈయన ఆటో అమ్మేసి రెండేళ్ళయింది. కుడిచేత్తో గ్లాసు ఎత్తలేడు. ఇక్కడ మాత్రం డ్రైవరట! నాలుగో పేరు బుల్లబ్బాయి. ఆ మనిషి చచ్చిపోయి మూడేళ్ళు. ఇంకో ముగ్గురు జబ్బులతో మూలపడి ఊళ్ళోనే కనపడటం లేదు.

"ఇవి దొంగ పేర్లు" అన్నాను.

"దొంగవి కాదండి" అన్నాడు. రేపు వచ్చి లెక్క తేలుస్తానని చెప్పి వచ్చేశాను. ఇన్నాళ్ళకి దొరికాడు.

జూలై 15, మంగళవారం

పొద్దున్న ఏడు నుంచి ఎదురుగా టీకొట్టులో కూర్చున్నాను. క్లిప్పు బుల్లబ్బాయి పేరు మీదికి వచ్చింది. అతని భార్య పెద్దింట్లమ్మ ఎండుచేపల గంపలు రెండు తెచ్చి దించింది. తర్వాతి ఆటోవాడు దిగి, గంపలు ఎక్కించుకుని, ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని, అమలాపురం సంతకి పోయాడు. క్లిప్పు మాత్రం బుల్లబ్బాయి పేరు దాటి ఒక్కటే దిగింది. ఆ ఆటోవాడి సొంత వంతు అలాగే ఉంది.

పదిన్నరకి క్లిప్పు పదకొండో పేరు మీదికి వచ్చింది. గంగబాబు రోడ్డు మీదికొచ్చి గొంతు చించుకున్నాడు. "అల్లవరం, అమలాపురం! మత్తయి గారి వంతండీ! రావాలి రావాలి!" నలుగురు ఆడవాళ్ళు ఎక్కారు. ఎవరూ నవ్వలేదు. ఎవరికీ వింతగా లేదు.

అప్పుడర్థమైంది సాయంత్రం గుసగుసలేమిటో. 'ఇవాళ మీ వంతులో ఫలానావాళ్ళు ఎక్కేరండి, ఫలానా చోట టైరు పంచరయ్యిందండి.' రెండేళ్ళుగా ఈయన మంచం మీంచి ఆటో నడుపుతున్నాడన్నమాట. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. దిండు కింద పెట్టేది ఆ వంతు డబ్బులే.

ఇలాంటివి చూస్తే మనసు కరగాలి కాబోలు. నాకు కరగలేదు. పాడుచేసినవాళ్ళే వచ్చి బొమ్మ ఆటో ఇచ్చి ఆడిస్తున్నారు, ఈయన ఆడుతున్నాడు, అనుకున్నాను. స్టాండుకెళ్ళి పేర్ల జాబితా కాగితం మీద ఎర్ర పెన్నుతో అయిదు పేర్లు కొట్టేశాను. అయిదోది కొట్టేటప్పుడు కాగితం చిరిగింది. మొత్తం పద్నాలుగు.

"పనిచేసేవాళ్ళే పనిచేసినట్టు. సంతకం పెట్టండి."

సింహాద్రి కాగితం చాలాసేపు చూశాడు. "మీరు రాసేరంటే కరెక్టే అయ్యుంటుందండి" అని సంతకం పెట్టాడు.

నిబంధన ప్రకారమే చేశాను.

జూలై 16

గంగబాబు రాలేదు. వానేమో.

జూలై 17

రాలేదు. వాన లేదు.

నిబంధన ప్రకారమే చేశాను.

జూలై 18, శుక్రవారం

ఈయన మూడు రోజులుగా అన్నం కెలికి వదిలేస్తున్నాడు. అయిదున్నరకే మంచం మీద లేచి కూర్చోబెట్టమని సైగ చేస్తాడు. ఎడమచేత్తో తల దువ్వుకుంటాడు. ఏడయ్యాక పడుకోబెట్టమంటాడు. "చూశారా వాళ్ళ బుద్ధి? రెండేళ్ళకే మొహం మొత్తింది" అన్నాను. నా మొహంలోకి చూశాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జూలై 19, శనివారం

పొద్దున్నే గేటు దగ్గర పెద్దింట్లమ్మ. నెత్తి మీద గంప, చంకలో గంప.

"ఓ సదువుకున్న తల్లీ! బయటికి రావమ్మా!" అని అరిచింది. వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. "మా ఆయన సచ్చిపోయిన సంగతి నాకు తెల్దా? నువ్వొచ్చి సెప్పాలా? బోర్డు మీద ఆయన పేరుందని నా గంపలు సంతకెల్లేయి. నువ్వు ఎర్రపెన్నుతో గీసేవంట. గవర్నమెంటోరు తీసేసేరని సింహాద్రి గారు తడిగుడ్డెట్టి తుడిసేసేరు. అయిదు పేర్లూ తుడిసేసేరు! సచ్చినోణ్ణి మళ్ళీ సంపేవు గదమ్మా!"

నేను రాసింది లెక్క. ఆ కాగితం ఎవరినీ ఏమీ చెయ్యమనలేదు. వీళ్ళు దాన్ని ఆర్డరు అనుకున్నారు! ప్రభుత్వం తీసేసిందనుకుని తుడిచేశారు! ఇంత అమాయకులైతే నేనేం చెయ్యను?

"నీ మొగుడి పేరు కూడా గీసేవంటగా! ఏం ఆడదానివే నువ్వు?" అని ఉమ్మేసి, గంపలు మోసుకుంటూ అల్లవరం వైపు నడిచిపోయింది. అమలాపురం ఎంత దూరం!

వెనక్కి తిరిగాను. కిటికీ తెరిచే ఉంది. ఈయన అంతా విన్నాడు.

జూలై 20, ఆదివారం

ఈయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరూ పట్టుకోకుండా అటు తిరగాలంటే పావుగంట పడుతుంది. తిరిగాడు.

గుడికి వెళ్ళలేదు.

జూలై 21, సోమవారం

మాధవీలతకి ఫోన్ చేశాను. స్టాండు లెక్క మళ్ళీ చూడాలి, జబ్బుపడి రానివాళ్ళ సంగతేమిటి అని అడిగాను.

"పని ఉండి, జబ్బు చేసి రాలేకపోతే పనిలో ఉన్నట్టే రాయాలి మేడం. తిరిగి పనిలోకి వస్తామని వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పాలి, అంతే. ట్రైనింగులో చెప్పాను కదా. మీరు కిటికీలోంచి చూస్తున్నారు."

తల తీసేసినట్టయింది. "చనిపోయినవాళ్ళని మాత్రం రాయకూడదండి" అని కూడా కలిపింది. ఆ మాత్రం నాకు తెలుసు తల్లీ.

స్టాండుకి వెళ్ళాను. బోర్డు మీద అయిదు చోట్ల తడి మరకలు. "ఎవరు తుడవమన్నారు మిమ్మల్ని?" అని విరుచుకుపడ్డాను. తప్పు నాదని తెలిసీ.

"మీరే కదండీ కొట్టేసింది" అన్నాడు సింహాద్రి. "గవర్నమెంటు కాయితం మీద ఒకటి, బోర్డు మీద ఒకటి ఉంటే బాగోదు కదండీ. గంగబాబు ఏడ్చేడండి. పేరు లేనప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళి కబుర్లు చెప్పనన్నాడు."

ఆ మర్యాద చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇప్పుడు పేర్ల మీద ఇంత ప్రేమా? ఆ రోజేమైంది? ముప్పావుగంట! సోడా పట్టించి ముప్పావుగంట కూర్చోబెట్టారు మనిషిని!" పద్నాలుగు మంది డ్రైవర్లూ తల దించుకున్నారు.

గంగబాబు ఆగలేకపోయాడు. "నాలుగుసార్లు ఫోన్ చేసేమండీ మీకు! మేడం గారికి చెప్పకుండా, ఏ ఆసుపత్రో అడగకుండా ఎలా తీసుకెళ్తామని..."

"ఊరుకోరా!" అని సింహాద్రి కసిరాడు. "తప్పు మాదేనండి. అడక్కుండా తీసుకెళ్ళిపోవల్సింది. చదువుకున్నోరింటి మనిషి కదా, మా ఇష్టానికి ఏదో ఆసుపత్రిలో పడేస్తే బాగోదనుకున్నామండి. బుద్ధి లేకపోయింది."

రెండేళ్ళు. నేను వీధిలో ఎదురుపడి మొహం తిప్పుకున్నప్పుడల్లా ఈ మనిషి "నమస్కారమండీ" అన్నాడే కానీ ఆ నాలుగు ఫోన్ల మాట ఎత్తలేదు. ఎవరికీ చెప్పనివ్వలేదు.

నాకు తెలుసు. ఆ రోజు క్లాసులో ఉన్నాను. ఫోన్లో సింహాద్రి పేరు వెలిగింది, కట్ చేశాను. మళ్ళీ వెలిగింది, కట్ చేశాను. స్టాండులో ఎవరిదో పెళ్ళి చందా అనుకున్నాను. మూడోసారీ, నాలుగోసారీ బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఆ ఫోను చీరల కింద ఉంది. పారెయ్యలేను, తెరవలేను. ఇక్కడ కూడా ఇప్పటిదాకా రాయలేదు.

స్టాండులో ఆ మాట అనలేకపోయాను. "పేర్లు మళ్ళీ రాయండి. ఒకరికి కాలు విరిగింది, ఒకరు డయాలసిస్‌కి పోతున్నారు, ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. ముగ్గురినీ నేను ఫోన్లో అడుగుతాను. బుల్లబ్బాయి పేరు మాత్రం వద్దు" అన్నాను.

"మరి పెద్దింట్లమ్మ గంపలండీ?"

"ఆవిడ పేరే రాయండి."

"ఆడమనిషి పేరు స్టాండు బోర్డు మీద ఎప్పుడూ..."

"చచ్చిపోయిన మగాడి పేరు ఉండొచ్చా? ఆవిడ బతికే ఉంది సింహాద్రి గారూ. గట్టిగానే బతికుంది. మొన్న మా వీధంతా విన్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు. సింహాద్రి సుద్దముక్క తీసుకుని నాలుగో చోట పెద్దింట్లమ్మ అని రాశాడు. లెక్కలో ఆవిణ్ణి వర్తకం కింద రాస్తాను. సొంత వ్యాపారం. ఎవరైనా కాదంటే ఆవిడ దగ్గరికే పంపిస్తాను.

పదకొండో చోటు ఖాళీగా ఉంచాడు. "అది మీరు ఇంటికెళ్ళి అడిగి రావాలండి" అన్నాడు.

జూలై 22, మంగళవారం

ముగ్గురూ ఫోన్లోనే వస్తామన్నారు. డయాలసిస్ ఆయన మరీ గట్టిగా అన్నాడు.

ట్యాబు పట్టుకుని ఈయన మంచం పక్కన, గంగబాబు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను. ఆ స్టూలు మీద నేను కూర్చోవడం ఇదే మొదటిసారి. ఈయన గోడవైపే ఉన్నాడు.

"ప్రభుత్వ సర్వే. మీరు జవాబు చెప్పాలి" అన్నాను. "గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంటైనా పని చేశారా?"

గోడవైపే చూస్తూ, "చెయ్య... నివ్వలేదు."

"ఎవరు?" ఫారంలో లేని ప్రశ్న. అడిగాను.

ఎడమచెయ్యి వెనక్కి తిప్పి, చూడకుండానే నన్ను చూపించాడు.

"పని కోసం ఏమైనా ప్రయత్నం చేశారా?"

"ఆరింటికి... కూచున్నాను. రోజూ."

తల దువ్వుకుని కూర్చున్న మనిషికి ఫారంలో కోడు లేదు. నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. ట్యాబు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఆ రోజు స్టాండువాళ్ళు నాకు ఫోన్ చేశారు. నాలుగుసార్లు. నేను ఎత్తలేదండి."

"తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"పక్కనే... ఉన్నాను కదా."

రెండేళ్ళు! రెండేళ్ళుగా నేను ఈ మంచం పక్కన నిలబడి స్టాండువాళ్ళని తిడుతుంటే ఈయన వింటున్నాడు! తెలిసీ వింటున్నాడు! మాట ముద్దగా వస్తుందని కాదన్నమాట తల ఊపింది. నోరు తెరిస్తే ఆ మాట వచ్చేస్తుందని. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. ఈయన మీద కూడా కోపం వచ్చింది. ఒక్కసారి తిడితే ఏం పోయింది? తిట్టి ఉంటే రెండేళ్ళ కిందటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇవాళ ఏడ్చాను. ఈయన పావుగంట పట్టి ఇటు తిరిగాడు. సాయం చెయ్యబోతే వద్దన్నాడు.

"ఇంకా... ఉందా?" అని ట్యాబు చూపించాడు.

"ఆఖరిది." చదివాను. "తిరిగి పనిలోకి వస్తారా?"

ఈ చెయ్యి ఇక రాదని పోయిన నెల డాక్టరు చెప్పాడు. ఇద్దరం విన్నాం.

"వస్తాను" అన్నాడు.

నొక్కాను. పచ్చటి గుర్తు పడింది.

"ఎప్పుడో... అడగరా?"

"ఆ గడి లేదండి."

సగం నవ్వు. నాకు.

జూలై 23, బుధవారం

రవాణా పద్దెనిమిది, వర్తకంలో ఒకటి. పంపించేశాను. పెరిగిందో తగ్గిందో రాష్ట్రం చూసుకుంటుంది.

గంగబాబు ఆరింటికి వచ్చాడు. తలుపు దగ్గరగా వెయ్యబోతే ఈయన వద్దన్నాడు. ఇవాళ పదకొండో వంతులో అల్లవరం నుంచి పెళ్ళివాళ్ళు ఎక్కారట, ఒకావిడ కొత్త చెప్పు ఆటోలో మర్చిపోయిందట. వంటింట్లోకి అంతా వినపడింది.

పెద్దింట్లమ్మ గేటు మీంచి ఎండురొయ్యల పొట్లం ఒకటి విసిరిపోయింది. నా మొహం చూడలేదు. గోంగూరలో వేసి వండాను. ఈయన రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తిని, కూరలో ఉప్పెక్కువైందన్నాడు.

రెండేళ్ళలో నా వంటకి పెట్టిన మొదటి వంక. ఒళ్ళు మండిపోయింది. రేపు ఇంకా వేస్తాను, ఏమంటాడో చూస్తాను.